ఆరోగ్యశ్రీ పరిమితి పెరిగింది, నిధులు ఆగుతున్నాయి: ఆగిన డబ్బు మళ్ళీ సక్రమంగా రావాలంటే ఏం చేయాలి?

ప్రశ్న
రాసినవారు: పాలమూరు పాఠకుడు

సభ్యులందరికీ నమస్కారం. మాది మహబూబ్‌నగర్ జిల్లా. మా బావ మార్కెట్ యార్డులో హమాలీ. 2025 సెప్టెంబరు మూడో వారంలో ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. యాంజియోగ్రామ్ తీసిన డాక్టరు గుండె రక్తనాళాలలో మూడు చోట్ల పూడికలు ఉన్నాయని, బైపాస్ ఆపరేషన్ తప్పదని చెప్పారు. రేషన్ కార్డు ఉంది కాబట్టి డబ్బు గురించి దిగులు పడనక్కరలేదని మా అక్కకు నేనే ధైర్యం చెప్పాను. తీరా హైదరాబాదులోని ఆ ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళేసరికి కార్డు చూసి రోగిని నమోదు చేసే ఆరోగ్యమిత్ర కూర్చునే బల్ల ఖాళీగా ఉంది. దాని వెనుక గోడకు అంటించిన తెల్ల కాగితం మీద, ప్రభుత్వం నుంచి రావలసిన బకాయిలు అందనందున ఆరోగ్యశ్రీ సేవలను నిలిపివేశామని రెండు వాక్యాలు రాసి ఉన్నాయి. మా అక్కకు చదువు రాదు. ఆమె ప్లాస్టిక్ కవరులో నుంచి రేషన్ కార్డును, ఆధార్ కార్డులను తీసి, అంచులు సరిచేసి, ఆ ఖాళీ బల్ల మీద వరుసగా పెట్టి, ఎవరైనా వస్తారని ఎదురు చూస్తూ నిలబడింది. ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ రాత్రే ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు అప్పు తెచ్చాం. ఆ తరువాత ప్రభుత్వానికీ ఆసుపత్రుల సంఘానికీ మధ్య చర్చలు జరిగి, కొంత డబ్బు విడుదల చేస్తామన్న హామీతో సేవలు మళ్ళీ మొదలయ్యాయి. మా బావకు ఆరోగ్యశ్రీ కిందనే ఆపరేషన్ జరిగింది, ఇప్పుడు కోలుకుంటున్నారు. మాకు మంచే జరిగిందని ఒప్పుకుంటాను. అయితే ఆ మధ్య రోజులలో ఆయన ఇంట్లో మాత్రలు మింగుతూ, మెట్లెక్కడానికి కూడా భయపడుతూ గడిపిన తీరు నేను మరిచిపోలేను.

ఈ పథకం 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాలలో మా మహబూబ్‌నగర్ ఒకటి, మిగిలినవి అనంతపురం, శ్రీకాకుళం. అప్పుడు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు పరిమితిగా ఉండేది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆ పరిమితి 10 లక్షలు అయింది. కాగితం మీద ఇంత పెద్ద అంకె ఉన్నప్పుడు ఆసుపత్రి తలుపు దగ్గర మాకు ఎందుకు సేవ దొరకలేదు? డబ్బు ఎక్కడ ఆగుతుంది? ఇంకోసారి ఆగకుండా నిధులను పునరుద్ధరించడమంటే ఖచ్చితంగా ఏం చేయాలి? ఎక్కడైనా ఇలా ఆపినదాన్ని తిరిగి నిలబెట్టిన ఉదాహరణ ఉందా? రాజకీయ పార్టీల వాదులాట వద్దు, తెలిసినవారు పనికొచ్చే మాట చెప్పాలని కోరుతున్నాను.

జవాబు 1
రాసినవారు: విశ్రాంత ఖజానా ఉద్యోగి, ఖమ్మం

మీ అక్కగారు కార్డులు పెట్టి నిలబడిన దృశ్యం చదివాక వెంటనే జవాబు రాయలేకపోయాను. నేను 31 సంవత్సరాలు ఖజానాలో బిల్లులు చూసినవాడిని కనుక, మీ ప్రశ్నలో డబ్బు ఎక్కడ ఆగుతుందన్న భాగానికే పరిమితమవుతాను.

బడ్జెట్‌లో ఒక పద్దు కింద అంకె కనబడితే ఆ డబ్బు ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. బడ్జెట్ అంటే అంతవరకు ఖర్చు పెట్టుకోవచ్చునని శాసనసభ ఇచ్చిన అనుమతి మాత్రమే. ఆ తరువాత ఆర్థిక శాఖ నుంచి విడుదల ఉత్తర్వు రావాలి, సంబంధిత అధికారి బిల్లు పెట్టాలి, బిల్లుకు టోకెన్, అంటే ఖజానాలో వరుస సంఖ్య, పడాలి, చివరకు ఆ రోజు ప్రభుత్వ ఖాతాలో ఉన్న నగదును బట్టి చెల్లింపు జరగాలి. టోకెన్ పడి నెలలు గడిచినా డబ్బు జమకాని బిల్లులను నేను లెక్కలేనన్ని చూశాను. ఎందుకంటే నెల మొదట్లో జీతాలు, పింఛన్లు, అప్పుల మీద వడ్డీలు, వాయిదాలు వరుసగా ముందు నిలబడతాయి. అవి ఒక్కరోజు ఆలస్యమైనా రాష్ట్రమంతా గగ్గోలు పుడుతుంది. ఆసుపత్రుల బిల్లు ఒక నెల ఆలస్యమైతే బయట ఎవరికీ తెలియదు, రోగికి కూడా తెలియదు, ప్రభుత్వం మీద వడ్డీ పడదు. అందుకే నగదు చాలని ప్రతి నెలా ముందుగా వాయిదా పడేది ఇటువంటి బిల్లే. ఇందులో ఏ అధికారి దురుద్దేశమూ ఉండనక్కరలేదు. వరుసలో చోటు లేనిది వెనక్కి జరుగుతుంది.

దీని అసలు కీడు మరుసటి సంవత్సరంలో కనబడుతుంది. ఈ ఏడాది వెయ్యి రూపాయలు కేటాయించి ఆరు వందలే విడుదల చేశారనుకోండి. ఆపరేషన్లు మాత్రం వెయ్యి రూపాయల మేరకు జరిగిపోతాయి, ఎందుకంటే రోగం బడ్జెట్ చూసి రాదు. మిగిలిన నాలుగు వందలు వచ్చే ఏడాది కేటాయింపులో నుంచి తీర్చాలి. అంటే వచ్చే ఏడాది కాగితం మీద వెయ్యి ఉన్నా, కొత్త రోగులకు మిగిలేది ఆరు వందలే. ఆ ఏడాది కూడా విడుదల తగ్గితే బకాయి మీద బకాయి పేరుకుంటుంది. 2025 సెప్టెంబరులో తెలంగాణలో పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘం సేవలు ఆపినప్పుడు తమకు వెయ్యి కోట్లకు పైగా రావాలని చెప్పింది. మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్‌లో స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం అక్కడి ఆరోగ్యశ్రీ అయిన ఎన్టీఆర్ వైద్య సేవ కింద తమకు రావలసింది రెండు వేల కోట్లకు పైమాటేనని చెప్పి సేవలు నిలిపింది. రెండు రాష్ట్రాలలో అధికారంలో ఉన్న పార్టీలు వేరు, పథకం పేరు వేరు, ఆగిన తీరు మాత్రం ఒకటే. దీనికి ముందున్న ప్రభుత్వాల కాలంలోనూ ఇవే సమ్మె నోటీసులు వచ్చాయి.

కాబట్టి పునరుద్ధరణ అన్న మాటలో రెండు పనులు ఉన్నాయి, వాటిని కలపకూడదు. పాత బకాయిని ఒక్కసారి విడిగా లెక్కగట్టి, ఈ ఏడాది కేటాయింపును ముట్టుకోకుండా తీర్చాలి. ఆ తరువాత ప్రతి నెలా నిర్ణీత మొత్తం ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడకుండా, పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టు ఖాతాలోకి చేరాలి. జీతాల బిల్లుకు ఉన్న వరుసలోనే దీన్నీ నిలబెట్టాలి. ఇలా ఆటంకం లేకుండా సాగే చెల్లింపును గ్రీన్ ఛానల్ అని అప్పుడప్పుడు ప్రకటిస్తారు గానీ, ఉత్తర్వుతో వచ్చిన గ్రీన్ ఛానల్ ఇంకో ఉత్తర్వుతో పోతుంది, దానికి చట్టం తోడుండాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కూలి ఆలస్యమైతే పరిహారం కోరే హక్కును కూలీకి ఇచ్చింది. పదిహేను రోజులు దాటితే రోజుకు 0.05 శాతం చొప్పున లెక్కగట్టేవారు. చిన్న పరిశ్రమలకు 2006 చట్టం 45 రోజుల గడువు పెట్టి, దాటితే చక్రవడ్డీ వేసింది. పేదవాడి ఆపరేషన్ బిల్లుకు అటువంటి గడువూ వడ్డీ ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు. వడ్డీ పడుతుందని తెలిస్తే ఆర్థిక శాఖ వరుసలో దాని చోటు దానంతట అదే పైకి వస్తుంది. ఇది నా అనుభవం మీద చెబుతున్న మాట.

జవాబు 2
రాసినవారు: చిన్న ఆసుపత్రి డాక్టరు, రాయలసీమ

పెద్దాయన ఖజానా వైపు నుంచి చెప్పారు, నేను ఆసుపత్రి వైపు నుంచి చెబుతాను. మాది 50 పడకల ఆసుపత్రి, నేను ఎముకల డాక్టరును. మా దగ్గరకు వచ్చేవారిలో సగానికి పైగా కార్డు మీద వచ్చేవారే.

రోగి రాగానే ఆరోగ్యమిత్ర కార్డు చూసి నమోదు చేస్తారు. మేము ఎక్స్‌రేలు, పరీక్షల కాగితాలు అప్‌లోడ్ చేసి ప్రీ ఆథ్, అంటే ముందస్తు అనుమతి కోసం దరఖాస్తు, పెడతాము. ట్రస్టు డాక్టర్లు చూసి అనుమతి ఇచ్చాక ఆపరేషన్ చేస్తాము. ఒక్కో చికిత్సకు ముందే నిర్ణయించిన ప్యాకేజీ సొమ్ములోనే మందులు, పరీక్షలు, లోపల వేసే ప్లేటూ స్క్రూలూ, రోగి భోజనం, ఇంటికి వెళ్ళే చార్జీలు, డిశ్చార్జి తరువాత పది రోజుల వరకు వచ్చే ఇబ్బందులకు చికిత్స కలిసి ఉంటాయి. డిశ్చార్జి అయ్యాక క్లెయిము పంపుతాము. ఇక్కడి వరకు పద్ధతి బాగుంటుంది, దేశంలో మరెక్కడా ఇంత పకడ్బందీగా లేని రోజులలోనే మన దగ్గర ఇది నడిచింది, దాన్ని చూసి నేను ఎంతో గర్వపడ్డాను.

క్లెయిము ఆమోదం పొందిన తరువాత ఎదురుచూపు మొదలవుతుంది. ప్లేట్లు సరఫరా చేసే వ్యాపారి నాకు మూడు నెలలు అరువు ఇస్తాడు, నాలుగో నెల పెట్టె తీసుకురావడం మానేస్తాడు. నర్సుల జీతాలు, ఆక్సిజన్, కరెంటు బిల్లు అరువు మీద నడవవు. నేను బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు మీద వడ్డీ కట్టి ప్రభుత్వ పథకాన్ని నడిపాను. కార్పొరేట్ ఆసుపత్రికి డబ్బు కట్టే రోగులు, ప్రైవేటు బీమా రోగులు ఉంటారు కాబట్టి వారు కొంతకాలం తట్టుకుంటారు. జిల్లా, డివిజను పట్టణాలలోని మాలాంటివాళ్ళం ముందు మూతపడతాము, అప్పుడు పేద రోగి రెండు వందల కిలోమీటర్లు ప్రయాణం చేయాలి.

సేవలు ఆపిన రోజులలో నేనూ ఆపాను. అత్యవసర కేసులు చూశాము గానీ, తుంటి ఎముక విరిగిన ఒక పెద్దావిడను ఆమె కొడుకు ఆటోలో పడుకోబెట్టి తెస్తే, ఇంప్లాంట్ మా దగ్గర లేదని, వారం ఆగమని చెప్పి పంపాను. ఆ వయసులో తుంటి విరిగినవారు ఎన్ని రోజులు మంచం మీద ఉంటే ఊపిరితిత్తులకు అంత ప్రమాదమని నాకు బాగా తెలుసు. ఆటో కదిలేటప్పుడు ఆవిడ నొప్పితో అరిచిన అరుపు ఇప్పటికీ వినిపిస్తుంది. ప్రభుత్వం డబ్బు ఇవ్వకపోవడం నిజమే, నేను ఆమెను వెనక్కి పంపడమూ నిజమే.

ఆసుపత్రులలో తప్పులు లేవని నేను అనను. అవసరం లేని ఆపరేషన్లు చేసినవారున్నారు, కార్డు మీద చేర్చుకుని పక్కన చేతి డబ్బు తీసుకున్నవారున్నారు. వారిని పట్టుకోవాలి, జాబితా నుంచి తీసివేయాలి. అయితే ఆరు నెలలు బాకీ పడిన ప్రభుత్వం ఆసుపత్రిని గట్టిగా తనిఖీ చేయలేకపోతుంది, ఎందుకంటే తప్పు చేసినవాడు కూడా ముందు నా బాకీ తీర్చండని ఎదురు అడుగుతాడు. సకాలంలో డబ్బిచ్చే ప్రభుత్వానికే అదుపు చేసే అధికారం మిగులుతుంది. ప్యాకేజీ రేట్లు కూడా ఏళ్ళ తరబడి కదలకుండా ఉండిపోతే నాణ్యత తగ్గుతుంది. తెలంగాణలో 2024లో అనేక చికిత్సలకు రేట్లు పెంచడం మంచి పని, కానీ పెంచిన రేటు చేతికి రాకపోతే పెంచి లాభం లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 సెప్టెంబరులో మంత్రివర్గం కొత్త పద్ధతిని ఆమోదించింది. అందులో రెండున్నర లక్షల వరకు బీమా సంస్థ, ఆపై 25 లక్షల వరకు ట్రస్టు భరించాలి. తొలిరోజులలో కూడా బీమా సంస్థ ద్వారానే మొదలై, 2008లో రెండో దశ చికిత్సలను ట్రస్టు నేరుగా చేపట్టిన చరిత్ర మనకుంది. బీమా అయినా ట్రస్టు అయినా ప్రభుత్వం ప్రీమియం గాని, నిధులు గాని సమయానికి కట్టకపోతే ఫలితం ఒకటే అవుతుందని నా భయం.

జవాబు 3
రాసినవారు: ప్రభుత్వ ఆసుపత్రి స్టాఫ్ నర్సు, వరంగల్

డాక్టరు గారి మాటలకు ఒకటి చేర్చాలి. ఆరోగ్యశ్రీ డబ్బు ప్రైవేటు ఆసుపత్రులకే వెళుతుందని చాలామంది అనుకుంటారు. ప్రభుత్వ ఆసుపత్రులు కూడా అదే పథకం కింద ఆపరేషన్లు చేసి క్లెయిములు పంపుతాయి. వచ్చిన దానిలో కొంత భాగంతో ఆసుపత్రికి కావలసిన పరికరాలు, అత్యవసరంగా మందులు కొంటారు, కొంత భాగం ఆ పని చేసిన సిబ్బందికి ప్రోత్సాహకంగా ఇస్తారు. ట్రస్టు నుంచి డబ్బు ఆలస్యమైన నెలలలో మా వార్డులో ఏం జరుగుతుందో చెబుతాను. కుట్లు వేసే దారం రకం లేదని, ఫలానా ఇంజెక్షన్ లేదని చీటీ రాసి రోగి తరపు మనిషి చేతిలో పెడతాము. ఆ మనిషి చీటీని తిప్పి తిప్పి చూసి, ఎంత అవుతుందమ్మా అని అడుగుతారు. ఉచిత ఆసుపత్రిలో నేను రోజుకు పదిసార్లు ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ప్రైవేటులో సేవలు ఆగిన రోజున ఆ రోగులందరూ మా దగ్గరికే వస్తారు. ఒక మంచానికి ఇద్దరు అవుతారు. అందుకని ఆసుపత్రుల బకాయి గురించి మాట్లాడేటప్పుడు మమ్మల్ని కూడా లెక్కలో వేయమని కోరుతున్నాను.

జవాబు 4
రాసినవారు: చాండ్లర్ తెలుగువాడు, ఆరిజోనా

ఆపినదాన్ని తిరిగి నిలబెట్టిన ఉదాహరణ అడిగారు కాబట్టి రాస్తున్నాను. నేను ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఉంటాను, ఆసుపత్రి బిల్లింగ్ పనిలో ఉన్నాను. అమెరికాలో పేదలకు మెడికెయిడ్ అనే పథకం ఉంది. కేంద్ర ప్రభుత్వమూ రాష్ట్ర ప్రభుత్వమూ కలిసి డబ్బు పెడతాయి. ఆరిజోనా ఆ పథకంలో అన్ని రాష్ట్రాలకంటే చివర, 1982లో చేరింది.

2000 సంవత్సరంలో ఇక్కడి ఓటర్లు ప్రజాభిప్రాయ సేకరణలో ఒక చట్టాన్ని గెలిపించారు. పొగాకు కంపెనీలతో కుదిరిన ఒప్పందం వల్ల వచ్చే సొమ్ముతో దారిద్ర్య రేఖకు దిగువనున్న వారందరికీ, పిల్లలు లేని పెద్దవారితో సహా, వైద్యం అందించాలని దాని సారాంశం. 2008 తరువాత ఆర్థిక మాంద్యంలో ఇళ్ళ వ్యాపారం మీద ఆధారపడిన ఈ రాష్ట్ర ఆదాయం కుప్పకూలింది. తక్కువ ఆదాయపు కుటుంబాల పిల్లల పథకంలో కొత్త నమోదు ఆపేశారు. 2010 అక్టోబరు 1 నుంచి పెద్దవారికి కొన్ని రకాల అవయవ మార్పిడి ఆపరేషన్లకు డబ్బు ఇవ్వడం మానేశారు. అప్పటికే కాలేయం కోసమో గుండె కోసమో జాబితాలో ఎదురుచూస్తున్నవారికి, దాత దొరికినా ప్రభుత్వం కట్టదన్న కబురు వెళ్ళింది. ఎదురుచూస్తూ మరణించినవారి వార్తలు దేశమంతా వచ్చాయి. 2011 ఏప్రిల్‌లో ఆ ఒక్క కోతను వెనక్కి తీసుకున్నారు. కానీ అదే ఏడాది జూలై నుంచి పిల్లలు లేని పెద్దవారి కొత్త నమోదును నిలిపివేశారు. ఉన్నవారు ఒక్క కాగితం ఆలస్యమై జాబితా నుంచి జారిపోతే మళ్ళీ చేరే వీలు లేదు. కొద్ది ఏళ్ళలోనే ఆ వర్గంలో ఉన్నవారి సంఖ్య సగానికంటే తక్కువకు పడిపోయింది.

ఓటర్లు గెలిపించిన చట్టం ఉండగా ఇది ఎలా సాధ్యమైందని నేను చాలాకాలం ఆశ్చర్యపోయాను. పొగాకు సొమ్ము చాలకపోతే అందుబాటులో ఉన్న ఇతర నిధులతో పూడ్చాలని ఆ చట్టంలో ఉంది. అందుబాటులో ఉన్నవేవో తేల్చేది శాసనసభే గానీ కోర్టు కాదని న్యాయస్థానం చెప్పింది. ఆ ఒక్క మాట వల్ల లక్షమందికి పైగా వైద్యం పోయింది. పెద్దాయన చట్టం కావాలన్నారు, దాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను; కానీ నిధుల లభ్యతను బట్టి అన్న మాట ఆ చట్టంలోకి రాకుండా చూసుకోవాలి.

పునరుద్ధరణ ఇలా జరిగింది. కోత పెట్టిన గవర్నరు జాన్ బ్రూవరే, రిపబ్లికన్ పార్టీ మనిషి అయివుండి, 2013లో సొంత పార్టీలో ఎక్కువమంది వ్యతిరేకించినా మెడికెయిడ్‌ను మరింతమందికి విస్తరించాలని పట్టుబట్టారు. ఆ సంగతి తేలేవరకు ఇతర బిల్లుల మీద సంతకం పెట్టనని కూర్చున్నారు. జూన్ 17న చట్టమైంది, 2014 జనవరి 1 నుంచి ఆగిన నమోదు మళ్ళీ తెరుచుకుంది. రాష్ట్రం వాటా కోసం సాధారణ ఖజానా మీద ఆధారపడకుండా ఆసుపత్రుల మీదనే ఒక రుసుము వేశారు. చాలా ఆసుపత్రులు దానికి మద్దతు ఇచ్చాయి, ఎందుకంటే బీమా లేని రోగి ఎమర్జెన్సీకి వచ్చి బిల్లు కట్టలేకపోతే నష్టపోయేది వారే. ఆ రుసుముకు జోడించి కేంద్రం తన వాటా ఇస్తుంది. కొందరు శాసనసభ్యులు దాని మీద కోర్టుకు వెళ్ళారు, 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు రుసుము చెల్లుతుందని తేల్చింది. పిల్లల పథకం తలుపు మాత్రం 2016లో గాని తెరుచుకోలేదు.

మన దగ్గర ఆసుపత్రుల మీద రుసుము వేయమని నేను అనడం లేదు, డాక్టరు గారి పరిస్థితి చదివాక అసలే అనలేను. ఈ పథకానికని విడిగా ఒక ఆదాయపు వనరు కట్టివేస్తే, నెలాఖరు నగదు కొరత దాన్ని తాకదని మాత్రమే చెబుతున్నాను. ఎక్సైజు ఆదాయంలో నిర్ణీత శాతమో, మరొకటో, అది అక్కడివారు తేల్చుకోవాలి.

జవాబు 5
రాసినవారు: న్యాయవాది, విజయవాడ

నిధుల లభ్యత గురించి చాండ్లర్ మిత్రుడు చెప్పిన విషయానికి మన సుప్రీంకోర్టు 1996లోనే ఒక జవాబు ఇచ్చింది. పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు గాయమైన ఒక వ్యవసాయ కూలీని 1992లో వరుసగా అనేక ప్రభుత్వ ఆసుపత్రులు పడక లేదనో, సదుపాయం లేదనో చేర్చుకోలేదు, చివరకు ఆయన ప్రైవేటు ఆసుపత్రిలో సొంత డబ్బుతో వైద్యం చేయించుకోవలసి వచ్చింది. ఆయన తరపున పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి వేసిన కేసులో, సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును భంగపరచడమేనని, డబ్బు లేదన్న కారణంతో ప్రభుత్వం ఈ బాధ్యత నుంచి తప్పుకోజాలదని కోర్టు చెప్పి, ఆయనకు 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. ఆ తీర్పు ప్రధానంగా ప్రభుత్వ ఆసుపత్రులలో అత్యవసర వైద్యానికి సంబంధించినది, ట్రస్టు ఆసుపత్రులకు పడిన బకాయికి దాన్ని నేరుగా అన్వయించడం తేలిక కాదు. అయినా, కార్డు ఇచ్చి, పరిమితి ప్రకటించి, రోగిని ప్రైవేటు ఆసుపత్రికి పంపిన ప్రభుత్వం ఆ ఆసుపత్రి తలుపు దగ్గర తన బాధ్యత ముగిసిందని అనజాలదన్నది నా అభిప్రాయం.

అంకెల విషయంలో ఒక మాట. 2017 జాతీయ ఆరోగ్య విధానం రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి పైగా ఆరోగ్యం మీద 2020 నాటికే ఖర్చు పెట్టాలని కోరింది. దేశంలో వైద్యానికి అయ్యే మొత్తం ఖర్చులో 2021-22 నాటికి కూడా 39 శాతానికి పైగా జనం తమ జేబు నుంచి పెట్టుకున్నారని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. మీ కుటుంబం మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు కూడా ఆ కోవలోదే. కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద 60 శాతం వాటా ఇస్తుంది కదా అని కొందరు అంటారు. ఆ వాటా కేంద్రం గుర్తించిన కుటుంబాలకు, ఐదు లక్షల లోపు చికిత్సకే వర్తిస్తుంది. మన రెండు రాష్ట్రాలలో కార్డున్న మిగిలిన కుటుంబాల భారమంతా రాష్ట్ర ఖజానాదే. కాబట్టి ఇక్కడ అడగవలసింది రాష్ట్రాన్నే.

ప్రశ్న అడిగినవారి స్పందన
రాసినవారు: పాలమూరు పాఠకుడు

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారూ, మీరు ఆ పెద్దావిడ సంగతి దాచకుండా రాసినందుకు మీ మీద గౌరవం పెరిగింది. ఆసుపత్రి వారి మీద నాకున్న కోపంలో సగం పోయింది.

మీ జవాబులు చదివాక నేను ఒక పని మొదలుపెట్టాను. పరిమితి ఎన్ని లక్షలన్నది అందరికీ తెలుసు గానీ, ఏ నెలలో ఎంత విడుదలైందన్నది మాలాంటివారికి తెలియదు. అందుకని సమాచార హక్కు చట్టం కింద ట్రస్టుకు ఒక దరఖాస్తు రాశాను. గడచిన మూడు ఆర్థిక సంవత్సరాలకు నెలవారీగా బడ్జెట్ కేటాయింపు ఎంత, విడుదల ఎంత, ఆమోదం పొందిన క్లెయిముల మొత్తం ఎంత, చెల్లించింది ఎంత, అందులో ప్రభుత్వ ఆసుపత్రులకు చేరింది ఎంత, ఆమోదం నుంచి చెల్లింపు వరకు సగటున ఎన్ని రోజులు పట్టింది అని అడిగాను. ప్రభుత్వ ఆసుపత్రుల గురించిన ప్రశ్న వరంగల్ నర్సు గారి మాట చదివి చేర్చినది. జవాబుకు 30 రోజుల గడువు ఉంది. వచ్చిన అంకెలను ఇక్కడే పెడతాను, వాటిని తీసుకుని మా ఎమ్మెల్యే గారి దగ్గరకు మా యార్డు హమాలీల సంఘంతో కలిసి వెళతాను. నెలవారీ విడుదలకు చట్టపు గడువు, ఆలస్యానికి వడ్డీ, నిధుల లభ్యత అన్న మాట లేకుండా నిబంధన, ఈ మూడింటినీ శాసనసభలో అడగమని కోరతాము. ఖజానా పెద్దాయన వీలైతే ఆ వినతిపత్రాన్ని ఒకసారి చూసి సరిదిద్దాలని ప్రార్థిస్తున్నాను.

దరఖాస్తు రుసుము పది రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువ ఉన్నవారికి అది కూడా అక్కరలేదని తెలిసి, దరఖాస్తు మా అక్క పేరు మీదనే రాసి, ఆమె వేలిముద్ర వేయించి, అదే ప్లాస్టిక్ కవరులో నుంచి రేషన్ కార్డు తీసి దాని నకలు జతచేశాను.